కత్తి మేడమ్: ఉద్దానం ఒడ్డున ఫెన్సింగ్ నేర్పిన సంగతులు

మేకల సంగతి

నన్ను ఫెన్సింగ్ శిక్షణకు పంపించిన మా హెడ్మాస్టరు సింహాచలం గారు, నేను ముళ్లకంచె వేయడం నేర్చుకుని వస్తానని అనుకున్నారు. ఆయన తప్పేమీ లేదు. మా వైపు ఫెన్సింగ్ అంటే జీడితోట చుట్టూ రాతి స్తంభాలు పాతి తీగ లాగడమే. పైగా మా హైస్కూలుకు ప్రహరీ గోడ లేదు. మధ్యాహ్న భోజనం వేళకు పిల్లలకంటే ముందు మేకలు వచ్చి వరసలో నిలబడేవి.

"చూడమ్మా సత్యవతీ, పై నుంచి కాగితం వచ్చింది. వ్యాయామ ఉపాధ్యాయులకు ఫెన్సింగ్ ట్రైనింగట. ఎవరూ వెళ్లడం లేదు. నువ్వెళ్లిరా, మన బడికి పనికొస్తుంది," అన్నారు.

వెళ్లాను. అక్కడ నా చేతికి కత్తి ఇచ్చి, ముఖానికి జల్లెడలాంటి ముసుగు తగిలించారు. శిబిరం ముగిశాక తిరిగొచ్చి ఆయన బల్ల మీద ఆ కత్తి పెట్టాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

"మరి మేకలో?" అన్నారు.

నా ఉద్యోగంలో ఫెన్సింగ్ అలా మొదలైంది. నేను పుట్టింది టెక్కలిలో. మా నాన్న అక్కడే ఒక ఆఫీసులో గుమాస్తా. నేను పీఈటీగా చేరి టెక్కలిలో, పలాసలో, ఎక్కువ కాలం సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డు బడిలో పనిచేశాను. ఈ మధ్యనే రిటైరయ్యాను. కొత్తగా మెడలో విజిలు వేసుకున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "మేడమ్, ఈ ఉద్యోగం ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది. బదిలీలు, ఇంక్రిమెంట్లు ఎవరైనా చెబుతారు. నేను పిల్లల సంగతి, ఆట సంగతి చెబుతాను.

మూడు కత్తులు, ఒక తుఫాను షెల్టరు

ముందు ఆట ఏమిటో చెప్పాలి. ఫెన్సింగులో మూడు రకాల కత్తులున్నాయి. ఫాయిల్, ఎపీ, సేబర్. ఫాయిల్ తేలిక కత్తి. దాని మొనతో మొండెం మీద తగిలితేనే పాయింటు. సేబర్ అంచుతో కూడా కొట్టొచ్చు, నడుం పైభాగమంతా గురే. ఈ రెండింటిలోనూ ఇద్దరికీ ఒకేసారి దెబ్బ తగిలితే ముందు దాడి మొదలుపెట్టింది ఎవరు, ఆపింది ఎవరు అని రిఫరీ తీర్పు చెప్పాలి. మూడోది ఎపీ. ఇందులో అంత రాద్ధాంతం లేదు. కాలి బొటనవేలి నుంచి తల మీది ముసుగు దాకా ఎక్కడ తగిలినా పాయింటే. ఎవరు ముందు తగిలిస్తే పాయింటు వాళ్లది. ఇద్దరికీ ఒక్కసారే తగిలితే ఇద్దరికీ చెరో పాయింటు.

నేను ఎపీని ఎంచుకున్నాను. కారణం ఆట మీద ప్రేమ అనుకునేరు. మిగతా రెండింటి తీర్పు చెప్పడం నాకు సరిగ్గా రాదు, అదీ కారణం. కొత్త పీఈటీలకు నా మొదటి సలహా కూడా ఇదే. మీకు వచ్చిన దగ్గర నుంచి మొదలుపెట్టండి. రానిది వచ్చినట్టు నటిస్తే పిల్లలు ఆ వారంలోనే పట్టేస్తారు.

ఆడడానికి గచ్చు కావాలి. ఇసుకలో కాలు జారుతుంది, కూరుకుపోతుంది. బడి పక్కన తుఫాను షెల్టరు ఉండేది. తుఫాను రానన్నాళ్లూ దాని కింది హాలు ఖాళీ. అందులో సుద్దముక్కతో పొడవైన పట్టీ గీశాను. దాన్ని పిస్ట్ అంటారు. ఆటంతా ఆ పట్టీలోనే జరగాలి. ముందుకూ వెనక్కూ తప్ప చుట్టూ తిరగడాలు లేవు. వెనక చివరి గీత దాటి రెండు కాళ్లూ బయటపడితే అవతలివాళ్లకు పాయింటు వస్తుంది.

పెద్ద పోటీల్లో కత్తి మొన తగలగానే పెట్టెలో దీపం వెలుగుతుంది. మాకు పెట్టె ఎక్కడిది? కత్తి మొనకు దూది చుట్టి నీలిమందులో ముంచేవాళ్లం. ఎక్కడ నీలం మచ్చ పడితే అక్కడ తగిలినట్టు. దెబ్బ తగలకుండా తొడిగే మందపాటి కోట్లు మా దగ్గర కొన్నే కాబట్టి మిగిలిన పిల్లలు రెండేసి చొక్కాలు తొడిగి అడుగులు మాత్రమే నేర్చుకునేవారు. మాస్కు, కోటు లేకుండా కత్తి పైకి లేస్తే ఆ రోజుకు ఆట బందు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినలేదు, హెడ్మాస్టరు గారి మాట కూడా. కత్తికి పదును లేదు కదా అనుకోకండి. కంటికి అది తెలియదు.

ఊళ్లో నాకు "కత్తి మేడమ్" అని పేరు పడింది.

మాటలతో వచ్చిన చిక్కు

ఈ ఆటలో మాటలన్నీ విదేశీవి. పిల్లలు వాటిని తమకు వచ్చినట్టు మలుచుకున్నారు. పారీ అంటే మీదకొచ్చే కత్తిని మన కత్తితో పక్కకు నెట్టడం. మొదటిరోజు నేను "పారీ!" అని అరవగానే ముందు వరస పిల్లలు కత్తులు కింద పెట్టి షెల్టరు బయటికి పరుగుతీశారు. పారిపొమ్మన్నానని అనుకున్నారు. పారీ చేశాక వెంటనే తిరిగి పొడవడాన్ని రిపోస్ట్ అంటారు. అది మాత్రం వాళ్లకు సులువుగా పట్టుబడింది. "పోస్టు వచ్చింది, తిరుగు పోస్టులో పంపించేయాలి, అంతే కదా మేడమ్?" అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఫీంట్ అంటే దొంగ దాడి. ఒకచోట పొడుస్తున్నట్టు చూపించి మరోచోట పొడవడం. ఎండుచేపల కాడ కాకుల్ని తోలే పిల్లలకు ఇది కొత్తా? చేతిలో రాయి లేకుండానే చెయ్యెత్తితే కాకి ఎగిరిపోతుంది. "అదే ఫీంట్" అంటే అందరూ నవ్వారు. ఆ తర్వాత నేను మళ్లీ వివరించాల్సిన పని పడలేదు.

చిక్కు మరో మాటతో వచ్చింది. ఈ ఆటకు ప్రాణంలాంటి ఒక అడుగు ఉంది. ముందు చెయ్యి పూర్తిగా చాపాలి. వెంటనే వెనక కాలితో నేలను నెట్టి, ముందు కాలు దూరంగా వేసి, ఒంటిని బాణంలా సాగదీయాలి. దీన్ని ప్రపంచమంతా లంజ్ అంటారు. నాకు నేర్పిన కోచ్‌కు తెలుగు రాదు. శిబిరంలో పొద్దస్తమానం ఆ మాట విని, అని, అది నా చెవికి ఒక అడుగు పేరుగా మాత్రమే స్థిరపడిపోయింది. తెలుగు చెవికి అది ఎలా వినపడుతుందో నాకు తట్టనే లేదు.

ఒక సాయంత్రం గౌరి అనే పిల్లకు ఆ అడుగు నేర్పుతున్నాను. తొమ్మిదో తరగతి. తండ్రి అప్పన్న భావనపాడు రేవులో వేటకు వెళ్లేవాడు, తల్లి నూకమ్మ ఎండుచేపలు అమ్మేది. గౌరి అందరికంటే చురుకు. అందుకే దాని మీద నా గొంతు కూడా అందరికంటే ఎక్కువ లేచింది. "గౌరీ, లంజ్! ఇంకా దూరం! లంజ్!" అని షెల్టరు దద్దరిల్లేలా అరుస్తున్నాను. షెల్టరు వెనకే చేపలు ఎండబెట్టే కళ్లం. అక్కడ ఆడవాళ్లు చేపలు తిరగేస్తున్నారు.

నూకమ్మ ముందు, మిగతావాళ్లు వెనక, హాల్లోకి వచ్చేశారు. నూకమ్మ కొంగు నడుముకు బిగించి ఉంది.

"ఏటి మేడమ్ గోరూ! నా గుంటని పట్టుకుని ఏటంతన్నారు? సదువు సెప్పమని బడికి అంపితే ఆ మాటంతారా?"

"ఏ మాట నూకమ్మా?"

"ఏ మాటా? మళ్లీ నా నోటితో అనిపింతారా? కళ్లమంతా ఇన్నాది! సిన్నపిల్లని, దానేటి సేసినాదని?"

అప్పుడు వెలిగింది నాకు. చేతిలో కత్తి ఉన్నందుకు ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. గౌరి మాస్కు తీసి, "అమ్మా, అది తిట్టు కాదే, అడుగు పేరు," అంటోంది. నూకమ్మ వినే స్థితిలో లేదు. ఎవరో వెళ్లి హెడ్మాస్టరు గారికి చెబితే ఆయన స్కూటరేసుకుని వచ్చారు.

సింహాచలం గారి గురించి ఇక్కడ చెప్పాలి. ఆయనకు ఆటలంటే ఆసక్తి లేదు. క్రికెట్ స్కోరు కూడా అడిగేవారు కాదు. కానీ ఎవరైనా కోపంగా వస్తే ముందు కుర్చీ వేయించేవారు. ఆ రోజూ అంతే. నూకమ్మకు కుర్చీ వేయించి, మిగతావాళ్లకు చాపలు పరిపించి, నా వైపు తిరిగారు.

"ఏటమ్మా, ఆ అడుగేదో వేసి చూపించు."

చీర కుచ్చిళ్లు దోపుకుని, మాస్కు పెట్టుకుని, చెయ్యి చాపి అడుగు వేశాను. ఆయన శ్రద్ధగా చూశారు.

"అడుగు బాగుంది. పేరు బాగులేదు."

"ప్రపంచమంతా ఇదే పేరు సార్."

"ప్రపంచం మన బడికి రాదమ్మా. నూకమ్మ రోజూ వస్తుంది. పేరు మార్చెయ్."

నా పై అధికారుల్లో చాలామంది నన్ను సమర్థించారు, కొందరు మందలించారు. రెండూ ఒకే వాక్యంలో చేసింది ఆయనొక్కరే.

అక్కడికక్కడే పిల్లల్ని అడిగాం. ఒకరు "ఉరుకు" అన్నారు, ఒకరు "గెంతు" అన్నారు. గౌరి "సాగు" అంది. చెయ్యి సాగాలి, ఒళ్లు సాగాలి, ఆ తర్వాతే కాలు. నాకు నచ్చింది.

"ఆఁ, సాగు అను మేడమ్. పొద్దుగూకులూ అను. నానేటీ అనుకోను," అంది నూకమ్మ. కోపం దిగినా ఆమె వెంటనే వెళ్లలేదు. మాస్కు అందుకుని అటూ ఇటూ తిప్పి, "ఇందల ఊపిరాడతాదేటి?" అని అడిగి, తనే పెట్టేసుకుంది. చాపల మీది ఆడవాళ్లు పగలబడి నవ్వారు. లోపలి నుంచి నూకమ్మ కూడా నవ్వింది.

కొత్తగా చేరే పిల్లలకు ఒక మాట. ఊరివాళ్లు కోపంగా మీ మైదానంలోకి వస్తే భయపడకండి. చూడడానికి వచ్చినవాళ్లే వాళ్లు. కోపం వాళ్లను తీసుకొచ్చింది, అంతే. ఆ రోజు నుంచి సాయంత్రాలు కళ్లం పని అయ్యాక ఎవరో ఒకరు షెల్టరు గడప మీద కూర్చుని చూసేవారు.

ముందుకెళ్లడం ఎవరికైనా వస్తుంది

గౌరికి భయం లేదు. ఫెన్సింగులో అది సగం మంచి, సగం చెడు. రిఫరీ "ప్లే" అనగానే మీదికి వెళ్లిపోయేది. ఎదుటివాళ్లు చెయ్యి చాపి నిలబడితే చాలు, తనే వచ్చి ఆ మొన మీద వాలేది. అలా ఆగి చెయ్యి చాపడాన్ని కౌంటర్ ఎటాక్ అంటారు. ఎపీలో అది మహా ప్రమాదం. దాడి చేసే చెయ్యే అన్నిటికంటే ముందు దొరుకుతుంది కదా! ఆటయ్యేసరికి గౌరి కుడి మణికట్టు, మోచెయ్యి నీలిమందుతో తడిసి ముద్దయ్యేవి.

"ఆగవే," అంటే, "ఆగితే ఆళ్లు వచ్చెత్తారు మేడమ్," అనేది.

ఫెన్సింగులో నేను నేర్చుకున్నదంతా ఒక్క మాటలో చెప్పమంటే, దూరం అంటాను. మీ కత్తి అందేంత దూరం, ఎదుటివాళ్ల కత్తి అందనంత దూరం. ఈ రెంటి మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ సందులో ఉన్నంతసేపూ ఆట మీ చేతిలో ఉన్నట్టే. దీన్ని నల్లబల్ల మీద గీసి చూపించాను. తాడు కట్టి చూపించాను. గౌరి తల ఊపేది, మళ్లీ వెళ్లి పొడిపించుకునేది.

ఒక ఆదివారం ఏదో పని మీద భావనపాడు వెళ్లి, ఒడ్డున పిల్లలు అలలతో ఆడుతుంటే చూశాను. అల వెనక్కి వెళ్తుంటే వెంటబడుతున్నారు. తిరిగి వస్తుంటే వెనక్కి గెంతుతున్నారు. వాళ్లలో గౌరి కూడా ఉంది. దానికి ఒక్కసారైనా పాదం తడవలేదు.

"గౌరీ, ఇదే ఆట మన ఫెన్సింగు అడుగులతో ఆడు చూద్దాం. ఆన్ గార్డ్‌లో నిలబడు."

ఆన్ గార్డ్ అంటే సిద్ధంగా నిలబడడం. ముందు పాదం ఎదుటివాళ్ల వైపు, వెనక పాదం అడ్డంగా, మోకాళ్లు కొద్దిగా వంచి, ఒళ్లు నిటారుగా. ఆ నిలుపులోనే ముందుకు, వెనక్కు చిన్న చిన్న అడుగులు వేయాలి. కాళ్లు ఒకదానికొకటి తగలకూడదు, దాటకూడదు. గౌరి అల వెంట ముందుకు వెళ్లింది. అల తిరిగొచ్చింది. గౌరి వెనక్కి వచ్చింది, అల కన్నా తొందరపడకుండా, ఆలస్యం చేయకుండా.

"ఇప్పుడు అలను ఆగమంటావా?" అన్నాను.

"ఆగమంటే ఆగుద్దేటి మేడమ్?"

"ఎదుటి పిల్ల కూడా అంతే. నువ్వు ఆపలేవు. వచ్చినప్పుడు వెనక్కి రా, ఆమె వెళ్లినప్పుడు వెంట వెళ్లు."

దానికి అర్థమయింది. కాళ్లకు తెలిసిన విషయమే, తలకు ఇప్పుడు చేరింది. తర్వాత నేను ప్రతి బ్యాచ్‌నూ ఒడ్డుకు తీసుకెళ్లాను. సుద్దగీతల కంటే అల బాగా నేర్పుతుంది. పైగా బడి గంట దానికి వర్తించదు.

అరువు కత్తి

రాష్ట్ర పోటీలు విశాఖపట్నంలో. గౌరిని పంపడానికి ఇంట్లో ఒప్పుకున్నారు గానీ, తల్లి వెంట వెళ్లాలని షరతు పెట్టారు. నౌపడలో రైలెక్కి ముగ్గురం వెళ్లాం. నూకమ్మ దారంతా పక్క సీట్లవాళ్లకు ఆట నియమాలు చెప్పింది. కొన్ని సరైనవే.

అక్కడ పోటీకి ముందు కత్తులు పరీక్ష చేస్తారు. మొనలో చిన్న స్ప్రింగు ఉంటుంది. మొనను పైకి నిలిపి దాని మీద ఒక బరువు పెడితే స్ప్రింగు దాన్ని మోసి పైకి లేపాలి. మా కత్తులు మోయలేదు. ఉప్పుగాలి. నౌపడ ఉప్పుమడుల మీదుగా వచ్చే గాలి బడి స్టోరు గదిలో ఇనపబీరువానే తినేసింది, స్ప్రింగు ఎంత? నూనె రాసి గుడ్డలో చుట్టాలని నాకెవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. మీరు రాయండి.

గౌరి ముఖం చిన్నబోయింది. నేను అందర్నీ అడుగుతూ తిరుగుతుంటే, ఒక అకాడమీ కోచ్ డేవిడ్ గారు తన సంచిలోంచి ఒక ఎపీ తీసి ఇచ్చారు.

"మా అకాడమీ అమ్మాయిది. రెండు తెచ్చుకుంది, ఒకటి మీరు వాడుకోండి."

"మా పిల్ల మీ అమ్మాయితోనే ఆడాల్సి వస్తే?"

"వస్తే మంచి కత్తితోనే ఆడుతుంది కదండీ," అన్నారు.

నిజంగానే వచ్చింది. గౌరి వరసగా గెలుస్తూ వెళ్లి క్వార్టర్ ఫైనల్లో డేవిడ్ గారి శిష్యురాలికి ఎదురుపడింది. మాధురి అని పొడవైన పిల్ల. పక్క పిస్టుల మీద కోచ్‌లందరూ గొంతు చించుకుని ఆ పాత మాటే అరుస్తున్నారు. గ్యాలరీలో నూకమ్మ పక్కన కూర్చున్న ఒకావిడ చెవులు మూసుకుంది. పార్వతీపురం వైపు నుంచి కూతుర్ని తీసుకొచ్చిన తల్లి అనుకుంటాను.

"కంగారు పడకమ్మా. అది తిట్టు కాదు. అడుగు పేరు. మా కాడ సాగు అంతారు," అని నూకమ్మ ఆమెకు ధైర్యం చెప్పడం నాకు వినిపించింది.

ఆట చివరిదాకా సమానంగా నడిచింది. గౌరి దూరం బాగా పట్టింది. ముందుకెళ్లి, వెనక్కొచ్చి, మాధురిని ఊరించింది. కానీ పారీ చేసిన ప్రతిసారీ దాని చెయ్యి కత్తితోపాటు పక్కకు ఊడ్చుకుపోయేది. ఆ వెడల్పైన సందులోంచి మాధురి మొన దూరేది. ఒక్క పాయింటు తేడాతో గౌరి ఓడిపోయింది. ఇద్దరూ మాస్కులు తీసి, కత్తులెత్తి సెల్యూట్ చేసి, చేతులు కలిపారు. గౌరి కత్తి తుడిచి డేవిడ్ గారికి తిరిగి ఇచ్చింది.

ఆయన నన్ను పక్కకు పిలిచారు. "అడుగులు చాలా బాగున్నాయి. ఎవరు నేర్పారు?"

నేనేనని, అలల సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "మణికట్టు చెడింది. పారీకి బెత్తెడు కదిలితే చాలు, ఈ అమ్మాయి తలుపు తీసినట్టు తీస్తోంది. అది ఎవరు నేర్పారు?" అన్నారు.

"అదీ నేనే."

శిబిరంలో నేర్చుకున్నది నాకు గుర్తున్నంత మేరకు నేర్పాను. నాకు గుర్తున్నది అంత గొప్పగా లేదన్నమాట. ఆయన ఆ విషయం ఎత్తిపొడవలేదు. "మా హాస్టల్లో చోటుంది. పంపిస్తారా? ఇప్పుడైతే మణికట్టు సరిచేయొచ్చు. ఇంకో ఏడాదైతే కష్టం," అన్నారు.

రేవు దగ్గర

తిరిగొచ్చేటప్పుడు రైల్లో నాది ఒకటే ఆలోచన. గౌరి వెళ్లిపోతే మా షెల్టరులో ఎవరున్నారు? మర్నాడు సింహాచలం గారితో అన్నాను, బడికి ఇప్పుడిప్పుడే పేరు వస్తోంది కదా సార్ అని.

"బడి పేరు గోడ మీద రాసుందమ్మా, అది ఎక్కడికీ పోదు. ఆ పిల్లకి నీ దగ్గర ఇంకా నేర్చుకునేది ఉందా? అది చెప్పు."

ఆలోచించాను. "లేదు సార్."

"మరింకేటి? పద, అప్పన్న దగ్గరికెళ్దాం."

అప్పన్న భావనపాడు రేవులో బోటు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నూకమ్మ, గౌరి కూడా వచ్చారు. నేను సంగతంతా చెప్పాను. అతను వల మీంచి తల ఎత్తలేదు.

"మీ కాడ నేరుసుకుంతంది కదా మేడమ్. మళ్లీ ఇంకెవలి కాడికో ఏల?"

"నాకొచ్చింది అయిపోయింది అప్పన్నా. కొంత తప్పుగా కూడా నేర్పాను. అది సరిచేసే మనిషి అక్కడున్నాడు."

అప్పుడు తల ఎత్తాడు. నా వంక, హెడ్మాస్టరు వంక చూశాడు.

"అంత దూరంల ఒక్కలివే ఉండగలవేటే?" అని అప్పన్న కూతుర్ని అడిగాడు.

"ఉంతానయ్యా."

"ఏడవ్వు కదా?"

"ఏడుత్తాను. ఏడిసి, ఉంతాను."

నూకమ్మ ముఖం తిప్పుకుంది. అప్పన్న వలలో ముడి వేసి, దారం కొసను పంటితో తెంపాడు.

"అయితే ఎల్లు. మేడమ్ గోరు అబద్ధమాడితే నువ్వీకాడే ఉందువు. ఆడనేదు. ఎల్లు," అన్నాడు.

మెచ్చుకోలు పత్రాలు నాకూ కొన్ని వచ్చాయి. అవి ఏ ట్రంకులో ఉన్నాయో తెలియదు. ఆ మాట మాత్రం గుర్తుంది.

మీ దగ్గరికి మంచి పిల్ల వస్తుంది. ప్రతి పీఈటీకీ ఒకరైనా వస్తారు. వచ్చిన రోజు పొంగిపోకండి, వెళ్లాల్సిన రోజు పట్టుకుని కూర్చోకండి. మనం మొదటి మెట్టు మాస్టర్లం. మొదటి మెట్టు మీద ఎక్కువసేపు నిలబెడితే వెనకవాళ్లకు దారి ఉండదు. గౌరి వెళ్లాక షెల్టరులో కొన్నాళ్లు బోసిగా అనిపించిన మాట నిజం. ఆ తర్వాత ఏడో తరగతి పిల్లలు గోల చేసుకుంటూ వచ్చి పడ్డారు. బోసితనానికి తీరిక లేకుండా పోయింది.

ముసుగుల్లో ఇద్దరు

మరుసటి ఏడాది రాష్ట్ర పోటీలు మళ్లీ విశాఖలోనే. వేట నిషేధం రోజులు కావడంతో అప్పన్నకు తీరిక దొరికింది. కూతురి ఆట చూడడం అతనికి అదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పలాసలో కొన్న జీడిపప్పు పొట్లం తువ్వాల్లో మూటగట్టి తెచ్చాడు. నూకమ్మ, అప్పన్న, నేను గ్యాలరీలో కూర్చున్నాం. మేము వెళ్లేసరికే గౌరి ఫైనల్లో ఉంది. అవతల మాధురే. గెలిచినవాళ్లకు జాతీయ పోటీల జట్టులో చోటు.

పిస్టు మీద ఇద్దరు. ఇద్దరివీ తెల్లటి బట్టలే, ఇద్దరికీ ముసుగులే. ఈ ఏడాదిలో గౌరి కూడా పొడుగు సాగింది.

"ఇందల మా గుంటేది మేడమ్?" అన్నాడు అప్పన్న.

నేను చూశాను. ఎడమవైపు పిల్ల ముందుకు ముందుకు వస్తోంది, వదలకుండా తరుముతోంది. "అదిగో, ఎడమవైపు," అన్నాను ధీమాగా.

అప్పన్న కాసేపు చూశాడు. "కాదండి. కుడేపు గుంట మా గౌరి."

"ఎలా చెప్పావు?"

"కాళ్లు సూడండి. తెప్ప మీద నిలబడ్డట్టు నిలబడ్డాది. సిన్నప్పట్నుంచీ అంతే."

రిఫరీ "హాల్ట్" అన్నాడు. కుడివైపు పిల్ల వెనక్కి తిరిగింది. వీపు మీద గౌరి పేరుంది. నూకమ్మ నన్ను మోచేత్తో పొడిచి నవ్వింది. తరిమేది, తొందరపడేది అయితేనే గౌరి అనుకున్నాను నేను. డేవిడ్ గారు దానికి ఆగడం నేర్పేశారు. తండ్రి అవేవీ చూడలేదు, పిల్లనే చూశాడు.

ఆట చివరికొచ్చింది. పాయింట్లు సమానం. ఇక ఎవరు ముందు తగిలిస్తే ఆట వాళ్లదే. మాధురి తరుముతోంది. గౌరి వెనక్కి, ఇంకా వెనక్కి, చివరి గీత దగ్గరికి వచ్చేసింది. వెనక పాదం గీతను ఆనుకుని ఉంది. అప్పన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మాధురి చెయ్యి చాపి దూకింది. గౌరి మణికట్టు బెత్తెడంటే బెత్తెడు కదిలింది. కత్తి మీద కత్తి టక్కుమంది. మరుక్షణం మాధురి భుజానికి మొన ఆని గౌరి కత్తి ఒంగి ఉంది. పెట్టె మీద ఒకే ఒక దీపం వెలిగింది.

నూకమ్మ లేచి అరిచిన అరుపు రేవు దాకా వినపడి ఉంటుంది. నేనూ లేచి అరిచాను, ఏమని అరిచానో నాకు తెలియదు. అప్పన్న మాత్రం కూర్చునే ఉన్నాడు. కింద ఇద్దరూ సెల్యూట్ చేసుకుని చేతులు కలిపారు. మాధురి మాస్కు తీసేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. గౌరి ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఆమెనూ వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

"అయ్యా! సూసినావా?"

అప్పన్న కూతురి వంక చూసి తల ఊపి, రెండో పిల్ల వైపు తిరిగాడు.

"ఏటమ్మా, దెబ్బ గానీ తగిలిందేటి?"

"లేదండీ," అంది మాధురి. అంటూనే కళ్లు తుడుచుకుంది.

అప్పన్న తువ్వాలు ముడి విప్పి, జీడిపప్పు పొట్లం తీసి, ఆ పిల్ల చేతిలో పెట్టాడు.

గౌరి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అదేటయ్యా, అది నా కోసం తెచ్చింది కాదేటి?"

"నువ్వు గెలిసినావు కదే," అన్నాడు అప్పన్న.